గ్రౌండు అందరిదీ - బాధ్యత ఎవరిది?

చదువుతో పాటు ఆటలూ ఉండాలని పెద్దలు ప్రతి వార్షికోత్సవ సభలోనూ సెలవిస్తూనే ఉన్నారు. మనమూ చప్పట్లు కొడుతూనే ఉన్నాం. కాని సభ ముగిశాక, ఆ ఆటలు ఆడే నేల ఎలా ఉందో వెళ్ళి చూసేవారు ఎందరు?

మన కాలేజీ గ్రౌండు పేరుకే కాలేజీది. వాడకానికి ఊరందరిదీ. తెల్లవారుజామున నడకకు వచ్చే పెద్దలు, ఆ తర్వాత క్రికెట్ కుర్రాళ్ళు, సాయంత్రం చుట్టుపక్కల హైస్కూళ్ళ సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్, ఖోఖో జట్లు, చివరికి మన జట్లు. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది. కాని అద్దె మేడల్లో నడిచే బళ్ళు ఆటస్థలం ఎక్కణ్ణుంచి తెస్తాయి? ఆ పిల్లలకు మిగిలినవి ఇలాంటి ఉమ్మడి మైదానాలే.

అందుకే "బయటివాళ్ళను రానివ్వద్దు, గేటుకు తాళం వేయించండి" అనే మిత్రులతో నేను ఏకీభవించలేను. ఇవాళ ఇక్కడ బంతి పట్టడం నేర్చుకుంటున్న ఎనిమిదో తరగతి పిల్లే రేపు మన యూనివర్సిటీ జట్టులో ఆడుతుంది. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వారి ఆవరణ చూడండి. 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగింది అక్కడే. పల్లెల పిల్లలు ఆటలు నేర్చుకుంటున్నదీ అక్కడే. పిల్లలు ఆడితే మైదానం చెడిపోతుందన్న వాదనకు ఇంతకన్నా సమాధానం ఏం కావాలి?

అయితే మిత్రుల బాధలోనూ న్యాయం ఉంది. గ్రౌండు పాడైన మాట నిజమే. ఎందుకు పాడైంది? ఏ ఊళ్ళో చూసినా ఒకటే తంతు. ఎగ్జిబిషన్ వస్తుంది, బహిరంగసభ వస్తుంది, దీపావళికి బాణసంచా దుకాణాలు వస్తాయి. వాళ్ళు పోయాక పందిరి గుంజల గుంతలూ, మేకులూ, గాజు పెంకులూ మిగులుతాయి. అద్దె వసూలుకు రసీదు పుస్తకం ఉంటుంది గాని, గుంతలు పూడ్చడానికి పద్దు ఉండదు.

బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ ఆడేవాళ్ళకు ఈ గుంతలు మరీ ప్రమాదం. బేస్ అందుకోవడానికి ఆటగాడు నేలమీద జారుతూ పోతాడు. బంతి నేలబారుగా దూసుకొస్తుంది. దారిలో చిన్న మట్టిగడ్డ తగిలితే చాలు, లేచి మొహానికి కొడుతుంది. ఇలాంటిచోట పిల్లల్ని ఆడించమంటే పి.ఇ.టి. మాస్టారు మాత్రం ఏ ధైర్యంతో ఆడిస్తారు?

బాగుచెయ్యాలి అనగానే మనవాళ్ళు గ్యాలరీలూ, ఫ్లడ్‌లైట్లూ, లక్షల గ్రాంట్లూ మాట్లాడతారు. అవి వచ్చినప్పుడు వస్తాయి. ముందు కావలసింది మంచి మట్టి, నీళ్ళు పోయే దారి, ఆటకో వేళ.

మట్టి సంగతి రైతు బిడ్డలకు నేను చెప్పనక్కరలేదు. బేస్‌ల నడుమ ఉండే నేలకు ఇసుకా, ఒండ్రూ, బంకమన్నూ పాళ్ళు కుదరాలి. బంకమన్ను ఎక్కువైతే వానకు బురద, ఎండకు నెర్రెలు. ఇసుక ఎక్కువైతే కాలు నిలవదు. నేల కొంచెం వాలుగా ఉండి, అంచున కాలవ ఉంటే వాన వెలిసిన కాసేపటికే ఆడుకోవచ్చు. తడి ఆరకముందే దిగితే మాత్రం ఆ అడుగుల గుంటలే ఎండి రాళ్ళయిపోతాయి. బంతి విసిరేవాడు నిలబడే చోటూ, కొట్టేవాడు నిలబడే చోటూ అన్నిటికన్నా ముందు గుంటపడతాయి. ఆట అయిన వెంటనే తడిమట్టి వేసి దిమ్మిసతో కొడితే పది నిమిషాల పని. నెల్లాళ్ళు వదిలేస్తే కాంట్రాక్టరు పని.

ఇంకో చిక్కు కొలతలది. సాఫ్ట్‌బాల్‌కు బేస్‌ల మధ్య దూరం 60 అడుగులు, పెద్దల బేస్‌బాల్‌కు 90 అడుగులు. రెండు దూరాల్లోనూ నేలలో గొట్టాలు పాతి, వాటిలో దిగేలా తీసిపెట్టే బేస్‌లు చేయిస్తే ఒకే మైదానం రెండు ఆటలకూ సరిపోతుంది. వాడని గొట్టాలకు మూతలు తప్పనిసరి. కొట్టేవాడి వెనకాల ఇనప గొట్టాల మీద ఓ వల కడితే దారిన పోయేవాళ్ళకూ భయం ఉండదు.

ఇదంతా ఎవరు చెయ్యాలి? జపాన్‌లో హైస్కూలు బేస్‌బాల్‌కు ఎంత పేరో చాలామందికి తెలుసు. అక్కడ ప్రాక్టీసు కాగానే ఆటగాళ్ళే పొడుగు కర్రలకు బిగించిన అడ్డపలకలతో నేలను చదును చేస్తారు. ఆ పనిముట్టుకు వాళ్ళు పెట్టుకున్న పేరు 'టొంబో', అంటే తూనీగ. అమెరికాలో 1939లో విలియమ్స్‌పోర్టు అనే ఊళ్ళో కార్ల్ స్టాట్జ్ 3 జట్లతో మొదలుపెట్టిన పిల్లల లిటిల్ లీగ్ ఈనాటికీ తల్లిదండ్రులు, వలంటీర్లు చేసే చాకిరీ మీదే నడుస్తోంది. మనకు మాత్రం శ్రమదానం కొత్తా? ఎన్.ఎస్.ఎస్. క్యాంపు పేర పల్లెకు పోయి రోడ్డు వేసి వస్తున్నాం. మన గ్రౌండులో ఒక్క ఆదివారం నాలుగు తట్టల మట్టి పొయ్యలేమా?

మట్టికన్నా కష్టమైనది వేళల సంగతి. ఇప్పుడు ముందొచ్చి వికెట్లు పాతినవాడిదే గ్రౌండు. హైస్కూలు ఆడపిల్లలు గట్టుమీద కూచుని తమ వంతు కోసం చూస్తారు. వంతు వచ్చేసరికి చీకటి పడుతుంది. చీకట్లో ఆడపిల్ల ఇంటికెలా వస్తుందని తల్లిదండ్రులు నాలుగు రోజులు చూసి మాన్పించేస్తారు. ఆ పిల్ల ఆట అక్కడితో సరి! పోయేది ఒక్క జట్టు కాదు, ఒక్కో పిల్ల ధైర్యం. తాగడానికి నీళ్ళు, తలుపున్న మరుగుదొడ్డి లేకపోవడం వల్ల మానేసేవాళ్ళు వేరే.

కాబట్టి ప్రిన్సిపాల్ గారికీ, ఫిజికల్ డైరెక్టర్ గారికీ, మన సంఘం కార్యవర్గానికీ నా మనవి ఇది. గేటు దగ్గర బోర్డు మీద ఎవరి వేళ ఎప్పుడో రాయించండి. వెలుతురున్న మొదటి గంట బడిపిల్లలకు, అందులోనూ ఆడపిల్లలకు ఇవ్వండి. గ్రౌండు అద్దెకిస్తే ముందు డిపాజిట్ కట్టించుకోండి. గుంతలు పూడ్చి, మేకులు ఏరాకే తిరిగి ఇవ్వండి. అద్దె డబ్బు గ్రౌండుకే ఖర్చుపెట్టి, లెక్క అదే బోర్డు మీద అంటించండి. వాడుకునే ప్రతి బడినుంచీ, ప్రతి జట్టునుంచీ ఒక్కొక్కరితో కమిటీ వెయ్యండి. ఆడినవాళ్ళే చదును చేసి వెళ్ళాలన్న నియమం పెట్టండి. ఆ నియమం మొదట మన జట్లకే వర్తించాలి సుమా! పెద్దవాళ్ళు పలక లాగితే పిల్లలు చూసి నేర్చుకుంటారు.

వీటిలో చాలావాటికి ఏ మంత్రిగారి ప్రారంభోత్సవమూ అక్కర్లేదు. వచ్చే వానాకాలం లోపల మొదలుపెడదాం. పలుగూ పారా తెచ్చే బాధ్యత మనందరిదీ.