మన పిల్లలకు ఇల్లు కావాలి, కొట్టం కాదు

తల్లి బతికుండగానే బిడ్డ పేరు ముందు 'అనాథ' అని రాసే కలం ఎవరిది? ఆ మాట మన వాడల్లో పుట్టలేదు. మన వాడలో తల్లి పోతే అమ్మమ్మ ఉంది, అమ్మమ్మ లేకుంటే మేనత్త ఉంది, ఎవ్వరూ లేకుంటే పక్కింటి గంజి ఉంది. మనకు లేనిది కూలి, భూమి, రూపాయి. రూపాయి లేదని రాయాల్సిన చోట మనుషులే లేరని రాస్తున్నారు. మోసం అక్కడుంది.

ఇది మా ఊహ కాదు. 2020లో కరోనా వచ్చినప్పుడు సుప్రీంకోర్టు ముందుకు ఒక లెక్క వచ్చింది. దేశంలోని బాలల సంరక్షణ సంస్థల్లో ఉన్న 2,27,518 మంది పిల్లల్లో 1,45,788 మందిని తల్లిదండ్రుల దగ్గరికో సంరక్షకుల దగ్గరికో పంపేశారట. అంటే నూటికి 64 మంది! రోగం రాగానే దొరికిన ఇళ్ళు అంతకుముందు ఎందుకు దొరకలేదు? సరే, పంపారు. ఆ తల్లుల చేతిలో ఏం పెట్టి పంపారు? ఇంటికి చేరిన బిడ్డ చదువుకు నెలకు 2,000 రూపాయలివ్వండని ఆ డిసెంబరులో కోర్టే రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. ఆ రూపాయి ముందే ఇచ్చి ఉంటే ఎందరు బిడ్డలు గడప దాటేవాళ్ళే కాదు?

చట్టం మాత్రం చక్కగానే రాసుకున్నారు. 2015 బాలల న్యాయ చట్టం మూడో సెక్షన్ ప్రకారం బిడ్డను సంస్థలో పెట్టడం చిట్టచివరి మార్గం. పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను తల్లిదండ్రుల నుంచి విడదీయరాదని ఐక్యరాజ్యసమితి 2009లోనే మార్గదర్శకాలిచ్చింది. కాగితం మీద చివరిది, మన వాడ దగ్గరికొచ్చేసరికి మొదటిదవుతోంది.

సర్కారు బడి పంతుళ్ళం కనుక హాజరుపట్టీలో మేము రోజూ చూసేదే ఇది. మొగుడు అప్పులకో సారాకో బలయ్యాడు. తల్లి ఇటుక బట్టీకి వలస పోవాలి. బిడ్డను ఎక్కడ వదలాలి? అప్పుడు ఎవరో ఒక పుణ్యాత్ముడు వస్తాడు. "మా హోములో వెయ్యమ్మా, తిండీ బట్టా చదువూ అన్నీ ఫ్రీ" అంటాడు. తల్లి వేలిముద్ర వేస్తుంది. దొరగారింట్లో తల్లి పోతే ఆ బిడ్డ హోముకు పోతాడా? పోడు. ఆస్తి ఉన్నచోట బంధువులుంటారు. ఆస్తి లేనిచోట ఆశ్రమాలుంటాయి!

ఆ పెద్ద హోము లోపల ఏముంటుంది? గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి. 2016 కేంద్ర నమూనా నియమాల ప్రకారం పాతికమంది పిల్లలకు వెయ్యి చదరపు అడుగుల పడకగది. తలా 40 అడుగులు. రాత్రి జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసేదెవరు? బిడ్డకు ఏ కూర ఇష్టమో తెలిసినదెవరు? ముజఫర్‌పూర్‌లో ఆడపిల్లల హోముకు తనిఖీలకు వచ్చిన అధికార్లకు ఏమీ కనపడలేదు. టాటా సామాజిక శాస్త్రాల సంస్థ వాళ్ళు ఆడిట్‌కు వచ్చి ఆ పిల్లలతో కూర్చుని మాట్లాడితే 2018లో లోపలి నరకం బయటపడింది. 2020లో ఢిల్లీ కోర్టు 19 మందిని దోషులుగా తేల్చింది. గోడ ఎంత ఎత్తయితే కేక అంత లోపలే ఆగిపోతుంది.

అందుకే చిన్న ఇల్లు అనే మాట వచ్చింది. పట్టుమని పదిమంది లేని పిల్లలు, వాళ్ళను చూసే ఒకరిద్దరు పెద్దవాళ్ళు, వీధిలో మామూలు ఇల్లు, ఊరి బడి. బోర్డుండదు, గేటుండదు. 2015 చట్టం దీనికి సామూహిక పోషణ సంరక్షణ అని చోటిచ్చింది. ఇదేదో పరాయి దేశపు సరుకనుకోవద్దు. 1863లో పూణేలో ఫూలే దంపతులు గర్భవతులైన వితంతువులకూ వాళ్ళ బిడ్డలకూ ఆశ్రయమిచ్చారు. అక్కడ పుట్టిన యశ్వంత్‌ను సొంత బిడ్డగా పెంచి డాక్టరును చేశారు. సావిత్రమ్మ ఆ బిడ్డకు వార్డెను కాలేదు, అమ్మ అయింది. తేడా అదే.

ఇక్కడ మన వాళ్ళే ఒక ప్రశ్న వేస్తారు: "హాస్టళ్ళు లేకుంటే మనం చదివేవాళ్ళమా పంతులూ?" నిజమే. మేమూ సాంఘిక సంక్షేమ హాస్టలు పప్పుచారు తాగే డిగ్రీ దాకా వచ్చాం. 1925లో సోలాపూర్‌లో అంబేద్కర్ నెలకొల్పిన సభ హాస్టలు తెరిచింది మన పిల్లల చదువు కోసమే. హాస్టలు మన హక్కు, దాన్ని వదిలేది లేదు. కానీ హాస్టలు వేరు, అనాథల హోము వేరు. హాస్టలు పిల్లవాడు దసరా సెలవులకు ఇంటికి పోతాడు. వాడి అమ్మ పేరు, ఊరు పేరు, కులం కాగితం వాడి దగ్గరుంటాయి. హోము ఆ మూడింటినీ చెరిపేస్తుంది.

కులం కాగితం సంగతి చిన్నది కాదు. పదేళ్ళలోపే తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని గుర్తింపు పొందిన అనాథాశ్రమాల్లో పెరిగే పిల్లల్ని మన తెలుగు నేల మీద బీసీ-ఎ జాబితాలో చేర్చారు. కులమే తెలియని బిడ్డకు అది ఆసరా, మంచిదే. కానీ తల్లి కులం ఊరందరికీ తెలిసిన మాల, మాదిగ బిడ్డ దస్త్రంలో ఒక గడి ఖాళీగా వదిలేస్తే? వాడి ఎస్సీ హక్కు అక్కడే గల్లంతు! పెద్దయ్యాక ఏ ఆఫీసుకు పోయి ఎవర్ని సాక్ష్యం అడగాలి?

కనుక గదులు చిన్నవి చేస్తే సరిపోదు. రుమేనియా సంగతి చూడండి. 1989లో చౌషెస్కూ పడిపోయేనాటికి లక్షమందికి పైగా పిల్లలు అక్కడి సంస్థల్లో ఉన్నారు. 2000లో బుకారెస్టులో మొదలైన పరిశోధన 136 మంది పసివాళ్ళను గమనించింది. కుటుంబాలకు పంపిన పిల్లల తెలివితేటలు మెరుగుపడ్డాయి, రెండేళ్ళలోపే పంపిన వాళ్ళకు మరీ మేలు జరిగింది. అంటే పాలుతాగే బిడ్డకు చిన్న హోము కూడా చాలదు, ఒడి కావాలి. తర్వాత అక్కడ పెద్ద సంస్థలు మూసి చిన్న ఇళ్ళు తెరిచారు. కానీ తూర్పు యూరప్ దేశాల సంస్థల్లో జనాభాకు మించిన సంఖ్యలో చేరేది రోమా పిల్లలే. రోమాలంటే అక్కడి వెలివాడల జనం. కొట్టాన్ని పది ముక్కలు చేసినంత మాత్రాన అది ఇల్లయిపోదు! కుటుంబపు నమూనాకు పేరుపడ్డ ఎస్‌ఓఎస్ బాలగ్రామాల సంస్థ కూడా కొన్ని దేశాల్లో తమ దగ్గర పిల్లలపై అకృత్యాలు జరిగాయని 2021లో ఒప్పుకుంది. చిన్న ఇంటికీ కాపలా కళ్ళు కావాలి.

మేమడిగేది దానం కాదు, వరస. మొదట తల్లి చేతికి రూపాయి. మిషన్ వాత్సల్య కింద బిడ్డకు నెలకు 4,000 రూపాయలివ్వచ్చు. వలస పోయే తల్లికీ ఒంటరి తల్లికీ జోగినికీ అది అందిందో లేదో తేల్చకుండా ఏ బిడ్డనూ గడప దాటించకూడదు. తర్వాత అమ్మమ్మ, మేనమామ. ఆ తర్వాతే చిన్న ఇల్లు. అదీ బిడ్డ సొంత మండలంలో, తల్లి నడిచి వచ్చి చూసుకునేంత దూరంలో ఉండాలి. అక్కడ అమ్మగా ఉండేవాళ్ళు మన వాడ ఆడవాళ్ళయితే వాళ్ళకు జీతమివ్వాలి. 'సేవ' పేరుతో వెట్టి చేయించుకుంటే ఒప్పుకోం. మాదిగామె వండితే తినని పెద్దలు ఆ ఇంటి గడప తొక్కకూడదు. చేరిన రోజే బిడ్డ కులం, ఊరు, బంధువుల పేర్లు దస్త్రంలో ఎక్కాలి.

బిడ్డ ఎక్కడ పెరగాలో తేల్చే జిల్లా బాలల సంక్షేమ కమిటీలో అయిదుగురుంటారు. ఒక మహిళ తప్పనిసరి అని చట్టం రాసింది. ఎవరి పిల్లల గురించి తేలుస్తున్నారో ఆ జనంలో నుంచి ఒకరుండాలని మాత్రం రాయలేదు. రాయించాలి.

అన్నలారా, అక్కలారా! మీ ఊరి బాలల సంరక్షణ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో రేపు సర్పంచును అడగండి. మన వాడ నుంచి ఏ హోముకు ఎందరు బిడ్డలు పోయారో సంఘంలో పేరు పేరునా రాసుకోండి. ఆ జాబితా పట్టుకుని, తల్లుల్ని ముందు నిలబెట్టి కలెక్టరాఫీసుకు పోదాం.

జై భీమ్!