ఎలక్ట్రోలైజర్లు వస్తున్నాయి సరే, ఉత్ప్రేరకాలు చేసేవాళ్లేరీ?

అనకాపల్లి జిల్లా పూడిమడకలో హరిత హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న విశాఖ సభ నుంచి ప్రధాని శంకుస్థాపన చేశారు. పెట్టుబడి దాదాపు 1,85,000 కోట్ల రూపాయలు. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ లక్ష్యం. భూమి గురించి, కరెంటు గురించి, రేవు గురించి ఎంతో చర్చ జరిగింది. నీటిని విడగొట్టే ఉత్ప్రేరకాన్ని ఎవరు తయారుచేస్తారు, వాళ్లకు ఆ పని ఎవరు నేర్పుతారు అన్న మాట మాత్రం అరుదుగా వినిపిస్తోంది.

కిలో హైడ్రోజన్‌కు లెక్క ప్రకారం 40 యూనిట్ల లోపు కరెంటు చాలు. నీటిని విడగొట్టే ఎలక్ట్రోలైజర్ యంత్రాలు మాత్రం 50 నుంచి 55 యూనిట్లు తాగుతున్నాయి. ఆనోడ్ దగ్గర ఆక్సిజన్ వెలువడే చర్య మందకొడిగా సాగడం ఈ నష్టానికి ఒక ముఖ్య కారణం. ఆ చర్యను వేగిరపరిచేదే ఉత్ప్రేరకం. ప్రోటాన్లను దాటించే పొరతో పనిచేసే ‘పెమ్’ రకం ఎలక్ట్రోలైజర్లలో అందుకు ఇరిడియం వాడతారు. ప్రపంచమంతా కలిపి ఏడాదికి తీసే ఇరిడియం ఏడెనిమిది టన్నులే. అందులోనూ అత్యధిక భాగం దక్షిణాఫ్రికాదే. క్షార ద్రావణంతో నడిచే ఆల్కలైన్ యంత్రాలకు నికెల్ సరిపోతుంది. కానీ ఎండను, గాలిని బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉండే కరెంటుతో వేల గంటలు అరిగిపోకుండా నిలవడం ఆ నికెల్‌కూ పరీక్షే.

ఇలాంటి చిక్కుముడి చరిత్రలో ఒకసారి వీడింది. 1909లో ఫ్రిట్జ్ హేబర్ ఆస్మియం సాయంతో అమ్మోనియా చేసి చూపించాడు. అంత అరుదైన లోహంతో ఫ్యాక్టరీ నడవదు. బీఏఎస్ఎఫ్ కంపెనీలో ఆల్విన్ మిట్టాష్ బృందం 1912 నాటికి 2,500 రకాల పదార్థాలపై 6,500 పరీక్షలు చేసి, అల్యూమినా, పొటాషియం కలిపిన ఇనుమును పట్టుకుంది. 1913లో ఓప్పావ్ ఫ్యాక్టరీ మొదలైంది. నేటికీ ఎరువుల కర్మాగారాల్లో ఎక్కువగా పనిచేస్తున్నది ఆ కోవ ఇనుమే. చిన్న చిన్న పరీక్షా యంత్రాలు వరసగా నిలబెట్టి, అన్నిటినీ ఒకే పద్ధతిలో కొలిచిన తర్ఫీదైన చేతులు సాధించిన ఫలితమది.

కొలత తెలియకపోతే ఏమవుతుందో నికెల్ చెబుతుంది. నికెల్ ఆక్సైడ్ తనంతట తానే గొప్ప ఉత్ప్రేరకమని చాలాకాలం నమ్మారు. క్షార ద్రావణంలో మలినంగా చేరిన ఇనుము దాని పనితీరును పెంచుతోందని 1987లో కారిగన్ చూపించారు. ఇనుమును జాగ్రత్తగా తొలగిస్తే ఆ చురుకుదనం పడిపోతుందని 2014లో ఒరెగాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ధ్రువపరిచారు.

మరో ఉచ్చు కాథోడ్ దగ్గర ఉంది. పరీక్షలో జత ఎలక్ట్రోడ్‌గా ప్లాటినం తీగ పెడితే అది కొద్దికొద్దిగా కరిగి అవతలి ఎలక్ట్రోడ్ మీద పేరుకుంటుంది. అప్పుడు ప్లాటినం చేసిన పని కొత్త పదార్థం ఖాతాలో పడుతుంది. ఇలాంటివి పక్కన నిలబడి చూపించే గురువు దగ్గరే పట్టుబడతాయి. పైగా చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీఆంపియర్ల దగ్గర మెరిసిన పదార్థం, ఫ్యాక్టరీలో ఆంపియరు దాటిన కరెంటుకు తట్టుకుంటుందన్న హామీ లేదు.

ఉత్ప్రేరకాలను విదేశాల నుంచి కొనుక్కుంటే సరిపోదా అని కొందరు అడుగుతారు. ఎలక్ట్రోలైజర్ స్టాక్ (సెల్‌ల దొంతర) ఒకసారి కొంటే తీరే ఖర్చు కాదు, అరిగిన ప్రతిసారీ మార్చాల్సిందే. ఎందుకు అరిగిందో ఇక్కడివాళ్లకు తెలియకపోతే ప్రతి మార్పుకూ బయటివాళ్ల మీదే ఆధారపడాలి. 2023 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్ మొత్తం కేటాయింపు 19,744 కోట్లు. ఎలక్ట్రోలైజర్ల తయారీకి, హైడ్రోజన్ ఉత్పత్తికి ఇచ్చే ప్రోత్సాహకాలు అందులో 17,490 కోట్లు. పరిశోధనకు 400 కోట్లు, అంటే నూటికి రెండు రూపాయలు.

అందుకే ఈ నాలుగు పనులు వెంటనే జరగాలి:

1. హైదరాబాద్ ఐఐసీటీ, విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతి ఐఐటీ, ఐసర్ కలిసి, పీహెచ్‌డీ తొలి ఏడాదిలోనే స్కాలర్లకు ఉత్ప్రేరకాల తయారీ, కొలతలపై ప్రయోగశాల శిక్షణ ఇవ్వాలి.

2. విశాఖలో ఉమ్మడి పరీక్షా కేంద్రం పెట్టాలి. ఫ్యాక్టరీ స్థాయి కరెంటుతో వేల గంటలు నడిచే పరీక్షలు అక్కడ జరగాలి. చిన్న విశ్వవిద్యాలయాల విద్యార్థులకు అందులో ఉచిత ప్రవేశం ఉండాలి.

3. ప్రభుత్వ రాయితీ పొందే ప్రతి కంపెనీ ఏటా కొందరు స్కాలర్లకు ఆరు నెలలు ప్లాంటులో చోటివ్వాలి. అరిగిన ఎలక్ట్రోడ్లను పారేయకుండా పరిశోధనకు అప్పగించాలి.

4. ఫెలోషిప్ నెలనెలా చేతికి అందాలి. ఫలించని ప్రయోగాల వివరాలు కూడా అందరికీ అందుబాటులో ఉండే ఉమ్మడి రికార్డులో చేరాలి.

ఏడాదికి 50 లక్షల టన్నుల లక్ష్యానికి మిషన్ పెట్టుకున్న గడువు 2030. ఒక పీహెచ్‌డీకి నాలుగైదేళ్లు పడుతుంది. కనుక తొలి బృందం ఎంపిక వచ్చే విద్యాసంవత్సరమే జరగాలి. విశ్వవిద్యాలయాల పాలక మండళ్లు ఈ నాలుగు అంశాలపై తీర్మానాలు చేసి రెండు తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లకు పంపాలి. అధ్యాపక, విద్యార్థి సంఘాలు తమ ఎంపీలను కలిసి, పరిశోధన వాటా పెంచమని పార్లమెంటులో అడిగించాలి.