తారాపూర్ పాత రియాక్టర్లకు మూసే తేదీ ప్రకటించాలి

మహారాష్ట్ర తీరంలోని తారాపూర్‌లో 1969లో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టిన రెండు రియాక్టర్లు మన దేశపు మొదటి అణువిద్యుత్ కేంద్రం. జనరల్ ఎలక్ట్రిక్ ఒక్కోటి 210 మెగావాట్లకు కట్టింది. తర్వాత సామర్థ్యాన్ని 160కి కుదించారు. వాటికి ఇంధన కట్టలు హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారయ్యాయి కనుక ఆ చరిత్రలో మనకూ పాలుంది. పైపులు మార్చి ఇంకొన్నేళ్లు నడపొచ్చని కొందరంటారు. పైపులు మార్చవచ్చు, నిజమే. కానీ దశాబ్దాలుగా న్యూట్రాన్ల తాకిడికి పెళుసెక్కే రియాక్టర్ పాత్రను మార్చడం పైపులు మార్చినంత తేలిక కాదు. దేశ అణువిద్యుత్ సామర్థ్యం 8 వేల మెగావాట్లు దాటిన ఈ రోజుల్లో ఆ 320 మెగావాట్ల కోసం ఇంత పాత యంత్రాన్ని పట్టుకు వేలాడనక్కర్లేదు.

ఆపడం ఒక్క రోజు పని, విప్పడం ఏళ్ల పని. రాజస్థాన్‌లోని రావత్‌భాటా మొదటి రియాక్టర్ 2004లో ఆగింది; ఇరవయ్యేళ్లు గడిచినా విప్పే పని సాగలేదు. మూతపడినవాటితో సహా ఏ కేంద్రానికీ విడదీసే ప్రణాళిక లేదని 2012లో కాగ్ నివేదిక తప్పుపట్టింది. ఈ పని కోసం వసూలు చేసేది యూనిట్ కరెంటుకు 2 పైసలు. 160 మెగావాట్ల రియాక్టర్ ఏడాదంతా ఆగకుండా తిరిగినా 140 కోట్ల యూనిట్లు, అంటే 2 కోట్ల 80 లక్షల రూపాయలు. అమెరికాలో మెయిన్ యాంకీ కేంద్రాన్ని 1997 నుంచి 2005 దాకా విప్పడానికి దాదాపు 50 కోట్ల డాలర్లయింది. అది చాలా పెద్ద కేంద్రం, అక్కడి కూలిరేట్లూ వేరు. అయినా ఎంత తగ్గించి లెక్కేసినా ఈ రెండు అంకెలకు పొంతన కుదరదు. పైగా అక్కడ భవనాలు పోయినా వాడిన ఇంధనం కాంక్రీటు పీపాల్లో ఆ ఊళ్లోనే మిగిలింది.

యాభై ఏళ్లు తాళం వేసి ఉంచితే రేడియేషన్ తగ్గి పని సులువవుతుందన్నది బలమైన వాదనే. ఉక్కులో చేరిన కోబాల్ట్-60 అయిదేళ్ల పైచిలుకుకొకసారి సగమవుతుంది. అయితే సీజియం-137 సగమవడానికే 30 ఏళ్లు కావాలి. ఏ వాల్వు ఎక్కడ కారిందో, ఏ గోడ వెనక ఏ గొట్టం ఉందో తెలిసిన కార్మికులు అన్నాళ్లు ఉండరు. రేపు విప్పబోయేవాళ్లకు వాళ్ల అనుభవం కావాలి. అందుకే వాళ్లు ఉద్యోగాల్లో ఉండగానే తేదీ ప్రకటించాలి, ప్రణాళికను బయటపెట్టాలి, నిధిని విడి ఖాతాలో ఉంచి ఏటా లెక్క చెప్పాలి. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు రియాక్టర్లు కడతామంటున్న ప్రభుత్వం, మూసే ఖర్చు ఎవరిదో, వాడిన ఇంధనం ఎక్కడ పెడతారో అక్కడి మత్స్యకారులకు శంకుస్థాపనకు ముందే కాగితం మీద రాసివ్వాలి.