‘ఎంత’, ‘ఎన్ని’ తెలిసినవాళ్ళకు ఇంగ్లీషు భయమెందుకు?

మన హాస్టళ్ళలో ఇంగ్లీషంటే గ్రామరు, గ్రామరంటే బట్టీ అనే అభిప్రాయం బాగా నాటుకుపోయింది. కౌంటబుల్, అన్‌కౌంటబుల్ నౌన్స్ పాఠమే చూడండి. గైడులో ఒకవైపు బుక్, పెన్, బాయ్ అనీ, రెండోవైపు మిల్క్, రైస్, మనీ అనీ ఉంటుంది. పరీక్ష ముందురోజు రాత్రి వల్లె వేస్తాం, పరీక్ష కాగానే మరచిపోతాం. ఈ పద్ధతి మారాలని నా అభిప్రాయం. ఎందుకంటే ఈ పాఠంలో సగం మనకు బడిలో చేరకముందే వచ్చు.

ముందు ఆ నిర్వచనం సంగతి చూద్దాం. ‘లెక్కపెట్టగలిగేవి కౌంటబుల్, లెక్కపెట్టలేనివి అన్‌కౌంటబుల్’ అంటారు. మరి డబ్బును లెక్కపెట్టలేమా? పండక్కి ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సు ఛార్జీకి సరిపోతుందో లేదోనని ఒకటికి నాలుగుసార్లు లెక్కపెట్టుకుంటాం కదా! అయినా మనీ అన్‌కౌంటబుల్. ఓపికుంటే బియ్యపు గింజలనూ లెక్కించవచ్చు. అయినా రైస్ అన్‌కౌంటబులే. అసలు చూడవలసింది ఆ మాట ముందు నేరుగా అంకె పెట్టవచ్చునా అని. టెన్ రుపీస్ అనవచ్చు, టెన్ మనీ అనకూడదు.

మిత్రులారా, ఈ తేడా తెలుగులో లేనిదేమీ కాదు. ‘ఎన్ని పుస్తకాలు?’ అంటాం, ‘ఎంత అన్నం?’ అంటాం. ‘ఎంత పుస్తకాలు’ అని మూడేళ్ళ పిల్లలు కూడా అనరు. ఎన్ని అంటే హౌ మెనీ, ఎంత అంటే హౌ మచ్. మన అమ్మలు ఏ గైడూ చూడకుండానే నేర్పేశారు.

అయితే ఇక్కడో చిక్కుంది. నీళ్ళు, పాలు, డబ్బులు అనేవి తెలుగులో బహువచనాలు. ‘పాలు పొంగాయి’ అంటాం గాని ‘పాలు పొంగింది’ అనం. ‘ఎన్ని పాలు కావాలి?’ అని కూడా అడుగుతాం. అందుకే ఇంగ్లీషులో మిల్క్ పక్కన ‘ఆర్’ వచ్చి చేరుతుంది. దాన్ని తెలివితక్కువతనం అనడం అన్యాయం. ఆ విద్యార్థి తెలుగు వ్యాకరణాన్ని నమ్మకంగా పాటించాడు, అంతే. దీనికి మందు కూడా తెలుగులోనే ఉంది. ‘మూడు నీళ్ళు ఇవ్వు’ అని ఎవరైనా అంటారా? మూడు గ్లాసుల నీళ్ళు, రెండు లీటర్ల పాలు అంటాం. ఇంగ్లీషువాళ్ళూ అంతే, త్రీ గ్లాసెస్ ఆఫ్ వాటర్ అంటారు. అంకె పెట్టి చూస్తే చాలు, ఈ మాటలు దారికి వస్తాయి.

నిజంగా కష్టపెట్టేవి వేరే ఉన్నాయి. ‘మూడు సలహాలు’ తెలుగులో ఒప్పు, ‘త్రీ అడ్వైసెస్’ ఇంగ్లీషులో తప్పు. త్రీ పీసెస్ ఆఫ్ అడ్వైస్ అనాలి. వార్తలు మనకు బహువచనం, న్యూస్ చివర ‘ఎస్’ ఉన్నా ఏకవచనమే: ద న్యూస్ ఈజ్ గుడ్. పెట్టెలూ సంచులూ ఎన్ని మోసుకొచ్చినా లగేజ్, కుర్చీలూ బల్లలూ ఎన్ని ఉన్నా ఫర్నిచర్. గోధుమలు మనకు ‘ఎన్ని’, వాళ్ళకు వీట్ ‘ఎంత’. రెండు పనులుంటే టూ వర్క్స్ అనరాదు, టూ జాబ్స్ అనవచ్చు. ఇన్ఫర్మేషన్, ఎక్విప్‌మెంట్, హోంవర్క్ కూడా ఈ కోవలోవే. మనకు రోజూ అవసరమయ్యేవి పాతికకు మించవు. బట్టీ పట్టాలంటే వీటినే పట్టండి. బుక్, పెన్‌లతో కాలం వృథా చేసుకోకండి.

కొన్ని మాటలు రెండు గడుల్లోనూ ఉంటాయి, గైడు వాటి జోలికే పోదు. రాసుకునే కాగితమైతే పేపర్ అన్‌కౌంటబుల్, పరీక్ష పేపరైతే కౌంటబుల్. తలమీది జుట్టు అన్‌కౌంటబుల్, అన్నంలో వచ్చిన వెంట్రుక కౌంటబుల్. రెండింటికీ హెయిర్ అనే మాటే.

‘అడ్వైసెస్’ అన్నవాళ్ళను చూసి నవ్వేవాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. ఇందులో లోకమంతటికీ చెల్లే తర్కం ఏదీ లేదు. సమాచారం అనే మాటను ఫ్రెంచివాళ్ళు, జర్మన్లు హాయిగా బహువచనంలో వాడతారు. అంతెందుకు, బఠాణీలకు ఇంగ్లీషులో ఒకప్పుడు ‘పీజ్’ అనేదే మాట, మన పప్పు లాగా రాశినంతా చెప్పేది. చివరి శబ్దం బహువచనంలా వినిపించి, 17వ శతాబ్దంలో ‘పీ’ అనే కొత్త ఏకవచనాన్ని పుట్టించుకున్నారు. ఇంగ్లీషువాళ్ళు పొరబడితే అది నిఘంటువుకెక్కింది. మన హాస్టల్ పిల్లలు పొరబడితే క్లాసంతా గొల్లుమంటుంది. ఒక్కసారి అలా నవ్వితే ఆ విద్యార్థి ఏడాదంతా నోరు విప్పకపోవచ్చు. రేపు ఇంటర్వ్యూలో ‘అడ్వైసెస్’ అన్నవాళ్ళకు కొన్ని మార్కులు పోవచ్చు. మౌనంగా కూర్చున్నవాళ్ళకు ఉద్యోగమే పోతుంది.

అందుకే సీనియర్లకు నాదొక విన్నపం. స్టడీ అవర్‌లో కాకుండా, భోజనాల వరుసలోనే పది నిమిషాలు ఇంగ్లీషులో అడగండి, జూనియర్లను చెప్పనివ్వండి. తప్పు చెప్తే సరిచేయండి, నవ్వకండి. అన్నం, సాంబారు, మజ్జిగలకు హౌ మచ్. అరటిపండుకు హౌ మెనీ. గుడ్డుకూ హౌ మెనీయే గాని, దాని జవాబు మాత్రం మనందరికీ ముందే తెలుసు: వన్.