ఏ ఆపదకు ఏ కవచం?

మర్చంట్ నేవీలో చేరిన అబ్బాయి ఇంటికి పంపే మొదటి ఫొటో మీరు చూసే ఉంటారు. నారింజ రంగు బాయిలర్ సూటు, తలమీద హెల్మెట్, కాళ్లకు బరువైన బూట్లు, వెనకాల నీలి సముద్రం. 'మావాడు ఎంత దర్జాగా ఉన్నాడో' అని అమ్మ మురిసిపోతుంది. నాన్న దాన్ని పక్కింటాయనకు చూపిస్తాడు. విశాఖలో, శ్రీకాకుళంలో ఇలాంటి ఫొటోలున్న ఇళ్లు చాలానే ఉంటాయి. అయితే ఆ ఫొటోలో ఒంటిమీద ఉన్నవేవీ దర్జా కోసం కాదు, ప్రాణం కోసం. పైగా ఒక్కోటి ఒక్కో ఆపదకు. ఏ ఆపదకు ఏది అన్నది తెలియకపోతే ఒంటినిండా కవచాలున్నా ఒరిగేదేమీ లేదు.

మరీ చోద్యం అనుకుంటున్నారా? అయితే 2007లో జరిగిన ఓ సంగతి చెప్పుకోవాలి.

కాపాడే ఓడలోనే...

ఆ ఓడ పేరు వైకింగ్ ఐలే. ఇంగ్లండు తూర్పు తీరానికి దూరంగా, ఉత్తర సముద్రంలోని గ్యాస్ క్షేత్రాల దగ్గర కాపలా కాయడం దాని పని. అక్కడ ఎవరికి ఆపద వచ్చినా వెళ్లి కాపాడాలి. అంటే ఓడలోని వాళ్లంతా రక్షణ పనిలో శిక్షణ పొందినవాళ్లే!

2007 సెప్టెంబరు 23న ఆ ఓడలో లంగరు గొలుసు ఒకటే చప్పుడు చేస్తోంది. అది కదలకుండా కట్టేసి రావడానికి ఇద్దరు నావికులు వెళ్లారు. లంగరు పైకి లాగినప్పుడు గొలుసంతా చుట్టలు చుట్టుకుని పడే ఇరుకు గదిని చెయిన్ లాకర్ అంటారు. ఒకతను అందులోకి దిగాడు. దిగీ దిగగానే కుప్పకూలాడు. రెండో అతను సాయం కోసం కేకేసి, తోటివాణ్ని వదల్లేక తనూ దిగాడు. అతనూ కూలిపోయాడు.

మూడో మనిషి వచ్చాడు. పద్ధతి తెలిసినవాడే. వీపున గాలి సిలిండరు, ముఖానికి మాస్కు ఉండే బీఏ సెట్ తగిలించుకున్నాడు. తీరా చూస్తే ఆ సిలిండరుతో లోపలికి దూరే వీల్లేదు. అంత ఇరుకు దారి! పైన నిమిషాలు గడిచిపోతున్నాయి. కింద ఇద్దరు స్నేహితులు పడి ఉన్నారు. బీఏ సెట్ తీసేసి, ఈఈబీడీ అనే చిన్న ముసుగు తగిలించుకుని దిగాడు. లోపల ఆ ముసుగు తొలగిపోయింది. అతనూ బయటికి రాలేదు.

ముగ్గురూ ప్రాణాలు కోల్పోయారు. మూడో అతని దగ్గర కవచం లేక కాదు... ఉంది. కాకపోతే అది ఆ ఆపదకు చేసిన కవచం కాదు.

తుప్పు తినేసిన గాలి

ఇంతకీ ఆ గదిలో ఏముంది? విషమా, పొగా? రెండూ కాదు. ఉత్త ఇనుము, కాస్త తడి. అంతే.

మన పెరట్లో గునపం తుప్పు పట్టడం చూస్తూనే ఉంటాం. ఇనుము, తేమ, ఆక్సిజన్... ఈ మూడూ కలిస్తేనే తుప్పు. పెరట్లో అయితే ఎంత తుప్పు పట్టినా గాలికి కొదవ లేదు. అదే తలుపు బిగించిన ఉక్కు గదిలో అయితే? తుప్పు పట్టేకొద్దీ అందులోని ఆక్సిజన్ ఖర్చయిపోతూనే ఉంటుంది. బయటి నుంచి కొత్తగా వచ్చేది ఉండదు. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. అది పది శాతం లోపుకు పడిపోయిన చోట నాలుగైదు శ్వాసలకే స్పృహ తప్పొచ్చు.

మరి ఊపిరాడనట్టు అనిపించదా అని మీకు అనుమానం రావచ్చు. అక్కడే ఉంది మోసమంతా. మనకు ఊపిరి ఆడనట్టు అనిపించేది ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పేరుకుపోయినప్పుడు. ఆక్సిజన్ తగ్గినంత మాత్రాన ఆ ఉక్కిరిబిక్కిరి తెలియదు. గదిలో వాసన ఉండదు, దగ్గు రాదు, కళ్లు మండవు. మామూలు గాలే పీలుస్తున్నామనుకుంటూ ఉండగానే మోకాళ్లు ముడుచుకుపోతాయి.

చెయిన్ లాకరే కాదు, ఖాళీ నీళ్ల ట్యాంకులూ అంతే. సరుకు నింపిన హోల్డుల్లోనూ ఈ ప్రమాదం ఉంది. విశాఖకు, గంగవరానికి, కృష్ణపట్నానికి బొగ్గు ఓడలు వస్తుంటాయి కదా... ఆ బొగ్గు కూడా హోల్డులోని ఆక్సిజన్‌ను తాగేస్తుంది. పైగా కార్బన్ మోనాక్సైడ్, మీథేన్ లాంటి వాయువుల్ని వదులుతుంది. ఒక్కోసారి హోల్డులోకే కాదు, దాంట్లోకి దిగే మెట్ల దారిలో అడుగుపెట్టినా ముప్పే.

మూడు ముసుగులు... మూడు పనులు

ఓడలో ముఖానికి పెట్టుకునేవి చూడటానికి అటూ ఇటుగా ఒకేలా ఉంటాయి. పనులు మాత్రం వేరు.

ఒకటి, వడపోత మాస్కు. రంగులు వేసేటప్పుడు, తుప్పు గీకేటప్పుడు వాడతారు. ఇది దుమ్మునూ కొన్ని ఆవిర్లనూ వడకడుతుంది. ఆక్సిజన్‌ను మాత్రం పుట్టించలేదు. లేని గాలిని ఎంత వడకడితే మాత్రం ఏం లాభం?

రెండోది, ఈఈబీడీ. చిన్న సంచీలో ముసుగు, బుల్లి సిలిండరు. ఇంజిన్ రూములో మంటలు లేచి పొగ కమ్మితే, తలకు తగిలించుకుని బయటికి పరుగెత్తడానికి. నిబంధనల ప్రకారం అది కనీసం పది నిమిషాలు పనిచేయాలి. బయటపడటానికి ఆ కాసేపు చాలు. అది పారిపోయేవాడి కవచమే తప్ప లోపలికి వెళ్లేవాడిది కాదు. దాంతో మంటల్లోకి గానీ, గాలి లేని గదిలోకి గానీ వెళ్లకూడదు.

మూడోది, బీఏ సెట్. ప్రమాదం ఉన్నచోటికి కావాలని వెళ్లాల్సి వస్తే ఇదొక్కటే దిక్కు. దాదాపు అరగంటకు సరిపడా గాలి ఉంటుంది. కానీ దాంతో లోపలికి పట్టాలి, బయటికి రావాలి. దారి సరిపోతుందా లేదా అన్నది ప్రమాదం రోజున కాదు, డ్రిల్లు రోజునే చూసుకోవాలి.

తల నుంచి కాళ్ల దాకా

మిగిలినవాటికీ ఇదే సూత్రం. హెల్మెట్‌ను గడ్డం కింద పట్టీ బిగించి పెట్టుకోవాలి. లేకపోతే అది ఎదురుగాలికి ఎగిరి సముద్రంలో పడుతుంది. ఎత్తున పనిచేసేవారికి హార్నెస్ ఉంటుంది. దాని కొక్కేన్ని గట్టి ఆధారానికి తగిలిస్తేనే అది రక్షణ. తగిలించని హార్నెస్ మొలతాడుతో సమానం! ఓడ పక్కకు వేలాడుతూ పనిచేసేటప్పుడు దాంతోపాటు లైఫ్ జాకెట్ కూడా ఉండాలి.

ఇంజిన్ రూములో చెవులకు మఫ్‌లు తప్పనిసరి. చప్పుడు 85 డెసిబెల్స్ దాటితే చెవులు కప్పుకోవాలని నియమం. చాలా ఇంజిన్ రూముల్లో మోత అంతకంటే ఎక్కువే. వినికిడి ఒక్కరోజులో పోదు. రోజుకింత చొప్పున, నొప్పి తెలియకుండా పోతుంది. పదేళ్ల తర్వాత ఇంట్లో టీవీ సౌండు పెంచమన్నప్పుడు గానీ తెలిసిరాదు.

ఇక గ్లౌజులు. తాళ్లు లాగేటప్పుడు, వేడి గొట్టాలు పట్టుకునేటప్పుడు అవి చేతుల్ని కాపాడతాయి. అవే గ్లౌజులు డ్రిల్లింగ్ మిషన్ దగ్గర తిరిగే భాగంలో చిక్కుకుంటే వేళ్లతో సహా లాగేస్తాయి. అందుకే అక్కడ గ్లౌజులు తీసేయాలి. ఒకచోట కవచమైనది మరోచోట ఉరితాడు అవుతుందన్నమాట.

కొన్ని ఆపదలకు కవచమే లేదు. ఓడను రేవుకు కట్టే లావుపాటి తాడు బిగుతు మీద తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది. ఆ దెబ్బకు హెల్మెట్ ఆగదు. అది కొట్టే దారిలో నిలబడకపోవడమే రక్షణ.

కవచం ఆఖరి వరస

అందుకే పాతకాపులు ఒకమాట చెబుతుంటారు. ముందు ఆపదను తొలగించు. కుదరకపోతే దూరం పెట్టు. అదీ కుదరకపోతేనే కవచం వెతుక్కో. మూసి ఉన్న గదిలోకి వెళ్లాలంటే ముందు తలుపులు తీసి, ఫ్యాన్లతో గాలి ఆడనివ్వాలి. తర్వాత పైన, మధ్యలో, అడుగున... మూడు చోట్లా మీటరుతో గాలి కొలవాలి. ఆక్సిజన్ 21 శాతం దగ్గర ఉందా, మండే వాయువులూ విషవాయువులూ ఉన్నాయా అని చూడాలి. అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. గుమ్మం దగ్గర ఒక మనిషి కదలకుండా కాపలా ఉండాలి. లోపల ఎవరైనా పడిపోతే ఆ మనిషి చేయాల్సింది అలారం మోగించడం. తను లోపలికి దూకడం కాదు.

ఇవన్నీ పెద్దల సుద్దులు మాత్రమే కాదు, నిబంధనలు కూడా. అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం 2015 జనవరి నుంచి ఇలాంటి గదుల్లోకి వెళ్లడం, పడిపోయినవారిని బయటికి తేవడంపై రెండు నెలలకోసారి డ్రిల్లు చేయాల్సిందే. 2016 జులై నుంచి గాలిని కొలిచే పరికరం ఓడలో ఉండి తీరాలి. కవచాల సైజు మీద కూడా నియమం వచ్చింది. నావికుల హక్కుల కోసం 2006లో చేసిన అంతర్జాతీయ ఒడంబడికకు తెచ్చిన సవరణ 2024 డిసెంబరు 23న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఎవరి ఒంటికి తగ్గ సైజులో వాళ్లకు కవచాలు ఇవ్వాలి. చిన్న విషయంలా ఉంది కదూ? వదులుగా వేలాడే చేతిచొక్కా మిషన్లో చిక్కుకోవచ్చు. జారిపోయే గ్లౌజు పట్టు తప్పించవచ్చు. మగవాళ్ల కొలతలతో కుట్టినవాటిలోనే సర్దుకుపోతూ వచ్చిన అమ్మాయిలకు ఈ నియమం ఎంత అవసరమో వేరే చెప్పాలా?

ఒడ్డున ఉన్న మనకూ...

ఇదంతా సముద్రం మీది గొడవ, మనకెందుకు అనుకోవద్దు. వాడకం లేని పాత బావిలో, సెప్టిక్ ట్యాంకులో ఒకరు దిగి పడిపోవడం, వాళ్లను తీయబోయి అన్నో తమ్ముడో దిగడం, వాళ్లకోసం ఇంకొకరు దిగడం... ఈ వార్త మనం పేపర్లో ఎన్నిసార్లు చదవలేదు? వైకింగ్ ఐలేలో జరిగిందీ అదే. చంపింది అక్కడి గాలి ఒక్కటే కాదు, మనిషికి మనిషి మీద ఉన్న ప్రేమ తొందరపడటం కూడా.

పూర్వం బావిలోకి దిగేముందు లాంతరు దించి చూసేవారు. దీపం ఆరితే మనిషి దిగేవాడు కాదు. మంచి ఆలోచనే గానీ అది విషవాయువుల్ని పట్టివ్వదు. సెప్టిక్ ట్యాంకులో మండే వాయువు ఉంటే దీపమే ప్రమాదం. కాబట్టి ఎవరైనా పడిపోతే వెంట దిగకుండా 101కి ఫోన్ చేసి అగ్నిమాపక సిబ్బందిని పిలవడమే మేలు. రక్షణ సామగ్రి లేకుండా మనుషుల్ని సెప్టిక్ ట్యాంకుల్లోకి దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించిందన్న సంగతీ గుర్తుంచుకోవాలి.

ఓడలో ఉన్న పిల్లలు ఫోన్ చేస్తే 'తిన్నావా, నిద్రపోయావా' అని అడుగుతాం. అడగాల్సిందే. దాంతోపాటు ఈసారి ఇంకో మాట కూడా అడిగి చూడండి. 'గదిలోకి దిగేముందు గాలి కొలిచారా నాన్నా? గుమ్మం దగ్గర ఎవరున్నారు?' అని. సమాధానం తడుముకోకుండా వస్తే నిశ్చింతగా ఉండొచ్చు. తడబడ్డాడా... మర్నాడు డెక్కు మీద ఆ ప్రశ్న వాడే అడుగుతాడు. మనకు కావలసిందీ అదే!