రాని రోగిని లెక్కపెట్టాలి

గుండెపోటు వచ్చిన పేదవాడికి స్టెంటు వేయించడానికి ఆరోగ్యశ్రీ ఉంది. ఆ గుండెపోటు రాకుండా ఏళ్ల తరబడి రోజూ వేసుకోవాల్సిన బీపీ బిళ్ల నెలనెలా అతని చేతికి అందుతోందా అని అడిగేవాళ్లు లేరు. 2007 ఏప్రిల్‌లో అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆ పథకం ఎందరో పేదల ప్రాణాలు నిలబెట్టింది. అయితే అది ప్రధానంగా ఆపరేషన్లకు, ఆసుపత్రి పడకలకు డబ్బు కట్టే పథకం. షుగర్, బీపీ, ఆస్తమా పడక మీద ఉండే జబ్బులు కావు. మనిషితో పాటు పొలానికీ వెళతాయి, వలసా వెళతాయి.

దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం అంచనా వేసింది. ఇంతమందిని పెద్దాసుపత్రుల చుట్టూ తిప్పి నెట్టుకురాలేం.

అసలు చిక్కు జబ్బు బయటపడ్డాక మొదలవుతుంది. శిబిరంలో బీపీ ఉందని చెప్పి కొద్ది రోజులకు బిళ్లలిస్తారు. అవి అయిపోతే మళ్లీ రమ్మంటారు. రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ అదనం. తీరా వెళ్తే ఈసారి స్టాకు లేదంటారు. ఒంట్లో ఏ నలతా లేదు కదా, ఈ తిప్పలెందుకని ఆ మనిషి మానేస్తాడు. కొన్నేళ్లకు పక్షవాతంతో కాలూ చెయ్యీ పడిపోయి వస్తే, ‘మందులు సరిగా వాడలేదు’ అని కేసు షీట్‌లో రాస్తారు. ఇది అన్యాయం. మందు మానిపించింది మన వ్యవస్థే.

దీనికి మార్గం తెలియక కాదు. బీపీ అదుపు కోసం కేంద్రం చేపట్టిన కార్యక్రమం మొదట అమలైన అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అందరికీ ఒకే చికిత్సా పద్ధతి, ఒకేసారి నెల రోజుల మందులు, ఊళ్లోని ఉపకేంద్రంలోనే నర్సు దగ్గర తిరిగి తీసుకునే వీలు, రానివాళ్లను గుర్తుపట్టే రికార్డు: అందులో ఉన్నవి ఇవే. కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి మందులు విడివిడిగా పెట్టుకునే సంచీలను ఆ రాష్ట్రం పంచింది కూడా. చదువురాని ముసలివాళ్లకు ఆ చిన్న ఏర్పాటు ఎంత అవసరమో ఇంట్లో పెద్దవాళ్లున్న ఎవరికైనా తెలుసు.

ఆంధ్రప్రదేశ్‌లో ఉద్దానాన్ని చూడాలి. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం ప్రాంతాల్లో కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసేవాళ్ల కిడ్నీలు ఎందుకు దెబ్బతింటున్నాయో శాస్త్రం ఇంకా తేల్చలేదు. పోరాటాల ఫలితంగా పలాసలో 2023లో కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, డయాలసిస్ రోగులకు నెలకు పదివేల పింఛను వస్తోంది. కానీ డయాలసిస్ దాకా రానివాళ్లకు ఆ పింఛను అందాలంటే రక్తంలో క్రియాటినిన్ 5 దాటాలి. ఆరోగ్యవంతుడికి అది ఒకటికి అటూ ఇటూ ఉంటుంది. అంటే కిడ్నీ దాదాపు చేతులెత్తేశాకే సాయం మొదలవుతుంది. క్రియాటినిన్ రెండు దగ్గర ఉన్న మనిషికి వేళకు రక్తపరీక్ష, బీపీ అదుపు, నొప్పి బిళ్లల జోలికి పోవద్దని పదేపదే చెప్పే ఆశా కార్యకర్త దొరికితే, డయాలసిస్‌ను కొన్నేళ్లు వెనక్కి నెట్టవచ్చు. వారానికి రెండు మూడుసార్లు యంత్రానికి కట్టుబడని ఆ ఏళ్లు ఒక కుటుంబానికి ఎంత విలువైనవో వేరే చెప్పాలా?

ఇన్ని లక్షల మందికి పరీక్షలు చేశామని ప్రభుత్వాలు ప్రకటిస్తాయి. వాళ్లలో ఎందరి బీపీ 140/90 కంటే కిందికి దిగిందో ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద మూడు నెలలకోసారి రాయాలి. మందులకు రాకుండా ఆగిపోయినవాళ్ల జాబితా ప్రతి నెలా మొదటి వారంలో ఏఎన్ఎం చేతిలో ఉండాలి, వాళ్ల ఇంటికి వెళ్లడాన్ని ఆమె పనిగా లెక్కగట్టాలి, అందుకోసం మిగతా రాతకోతల భారం తగ్గించాలి. అదుపులో ఉన్నవాళ్లకు మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వాలి. పాలమూరు నుంచి, సిక్కోలు నుంచి పనికి వెళ్లినవాళ్లకు ఏ ఊళ్లో ఉన్నా పాత చీటీ చూపిస్తే అవే మందులు దొరకాలి. వచ్చే బడ్జెట్‌లో ఆరోగ్యశ్రీ పద్దు పక్కనే ఈ మందులకు విడిగా ఒక పద్దు పెట్టాలి, స్టాకు లేని రోజుకు జిల్లా అధికారి జవాబు చెప్పాలి.