బద్ధకం కాదు, కొంకి పురుగు



"ఈ పిల్ల ఉత్త మొద్దు, ఎప్పుడు చూసినా పండుకునే ఉంటది." శామీర్‌పేట వైపు తండాల్లో ఈ మాట వినని వాళ్లం లేము. మేడ్చల్‌లో హాస్టల్‌కు వచ్చినంక ఇంకోటి కలిసింది: "ఎస్టీ పిల్లలు ఇంతే." ఈ మాటలు పడ్డోళ్లం కాబట్టే రాస్తున్నం. తిట్టే ముందు ఆ పిల్ల కింది కనురెప్ప లాగి చూడండి. ఎర్రగా ఉండాల్సిన చోట తెల్లగా ఉంటే అది బద్ధకం కాదు, రక్తం లేకపోవుడు.

ఆ రక్తం పోయే దారుల్లో ఒకటి కొంకి పురుగు. ఆరుబయట మలవిసర్జన చేసిన మట్టిలో దీని గుడ్లు పిల్లలైతయి. చెప్పుల్లేని కాలు తగిలితే చర్మంలోంచే దూరుతయి. ముందు అరికాలు, వేళ్ల సందులు దురద పెడతయి. చేలో ఏదో పారిందిలే అనుకుంటం. అవి రక్తంలో పడి ఊపిరితిత్తులకు పోయి, దగ్గుతో గొంతులోకొచ్చి, మింగితే పేగుల్లో చేరతయి. అక్కడ పేగు గోడను కరిచి పట్టుకుని రక్తం పీలుస్తయి. కడుపునొప్పి, ఆయాసం, కళ్లు తిరుగుడు, చదివింది బుర్రకెక్కకపోవుడు. కొందరికి మట్టి తినబుద్ధి అయితది. ఏలికపాముల గుడ్లయితే కడగని చేతులు, కూరగాయల మీంచి నోట్లోకి పోతయి. నులిపురుగులకు రాత్రిపూట ఆసనం దగ్గర దురద (సిగ్గుతో ఎవరూ చెప్పరు).

ఒకప్పుడు అమెరికా దక్షిణాది పేద రైతులను కూడా సోమరులనే అన్నరు. కొంకి పురుగు సంగతి బయటపడ్డంక అక్కడి పత్రికలు దానికి బద్ధకపు క్రిమి అని పేరు పెట్టినయి. 1909లో రాక్‌ఫెల్లర్ డబ్బుతో పరీక్షలు, మందులు మొదలైనయి. మన దగ్గర ఇంకా తిట్లే నడుస్తున్నయి.

గోలీ లేదని కాదు. 2015 నుంచి నులిపురుగుల నివారణ దినం ఉంది. ఫిబ్రవరి 10, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల గోలీ ఇస్తరు, రెండేండ్ల లోపు పిల్లలకు సగం. మంచిదే. కానీ అది 1 నుంచి 19 ఏండ్ల వాళ్లకే. డిగ్రీ హాస్టల్‌లో 20 దాటిన అక్క, ఇటుక బట్టీలో ఉత్త కాళ్లతో మట్టి తొక్కే నాయన ఆ లెక్కలో లేరు. పైగా గోలీ కడుపులో ఉన్నదాన్ని చంపుతది గానీ, రేపు మళ్లా కాలిలోంచి దూరేదాన్ని ఆపదు. దానికి చెప్పులు, మరుగుదొడ్డి, అందులో నీళ్లు కావాలె. గోలీలు పంచిన ఫొటోలు గ్రూపులో చాలా చూసినం. ఈసారి హాస్టల్ నల్లాల ఫొటోలు పెట్టండి.

నీరసంగా ఉన్నోళ్లు పీహెచ్‌సీలో హిమోగ్లోబిన్, మలం పరీక్ష అడగండి. ఆడోళ్లకు 12 కంటే తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క. మనలో సికిల్ సెల్ కూడా ఉంటది, ఆ పరీక్షా చేయించుకోండి. గర్భిణులు మాత్రం డాక్టర్‌ను అడగకుండా ఆల్బెండజోల్ వేసుకోవద్దు.

ఆగస్టులో వానలకు బట్టీలు బందుంటయి, ఫిబ్రవరిలో నిండుగా నడుస్తుంటయి. అక్కడ బడికి పోని పిల్లల పేర్లు 10వ తేదీ కంటే ముందే అంగన్‌వాడీ టీచర్‌కు రాసిద్దాం. శామీర్‌పేట వైపు తిరగడానికి వచ్చేటోళ్లు కింద పేరు పెట్టండి.